చింతగింజ నిలిస్తే పాతబొమ్మ

పాత బొమ్మకార్డు అంటే ఏది, కొత్త బొమ్మకార్డు అంటే ఏది అని నన్నెవరైనా అడిగితే, టాటానగర్ రైల్వే క్వార్టర్లలో మా వరండా గచ్చుమీద తేలిన లెక్కే చెబుతాను. చదువుకున్నవాళ్ళు ఫలానా సంవత్సరానికి ముందువి పాతవి, తర్వాతవి కొత్తవి అని గీత గీసేస్తారట. నేను చదివింది రెండో తరగతి దాకా. సంవత్సరాలు నాకు గుర్తుండవు. ఏ చీర కట్టుకున్నప్పుడు ఏం జరిగిందో మాత్రం గుర్తుంటుంది.

అసలా బొమ్మలు మా ఇంట్లోకి ఎలా వచ్చాయో ముందు చెప్పాలి.

మా ఆయన ఆవిరింజన్ల మీద బొగ్గువేసే ఫైర్‌మన్. పెళ్ళై శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చేసరికి నాకు పదిహేను కూడా నిండలేదు. చుట్టూ హిందీ, బెంగాలీ, ఒరియా. మావైపు మనుషులు ఉన్నారుగాని మా క్వార్టర్ల లైనుకి దూరం. ఆయన డ్యూటీకి వెళితే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నేను తలుపు గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. వంట ఎంతసేపు చేస్తాం? ఇద్దరి వంట.

ఆయన పనిచేసే ఇంజను డ్రైవరుకి సిగరెట్ల అలవాటు. ఆ రోజుల్లో సిగరెట్టు పెట్టె అంటే ఉత్త కాగితమే. లోపలి సిగరెట్లు ఒంగిపోకుండా ఒక అట్టముక్క పెట్టేవారు. ఆ అట్టముక్కకి ఒక పక్క రంగుల బొమ్మ, రెండో పక్క ఇంగ్లీషు. డ్రైవరు దాన్ని తీసి పారేస్తే, మా ఆయన ఏరుకుని నీలంచొక్కా జేబులో వేసుకుని తెచ్చేవాడు. కాల్చేది బీడీ, తెచ్చేది సిగరెట్టు బొమ్మ.

మొదటిది తెచ్చినప్పుడు నా చేతిలో పెట్టి పక్కకి తిరిగిపోయాడు.

"ఏటిది?" అన్నాను.

"నీకే. ఊసుపోనప్పుడు సూసుకో."

అలా ఓడలు వచ్చాయి, వంతెనలు వచ్చాయి, ఏవో దేశాల కోటలు వచ్చాయి. వెనకనున్న ఇంగ్లీషు మా ఇద్దరిలో ఎవరికీ రాదు గనక పేర్లు మేమే పెట్టుకునేవాళ్ళం. ఒకసారి లకుముకిపిట్ట వచ్చింది. ఆ నీలం, ఆ ముక్కు, ఆ కూర్చోవడం అంతా మా ఊరి కాలవ గట్టుమీది పిట్టే. అది చూసి ఏడ్చాను. ఆయన హడలిపోయి, ఇంకెప్పుడూ పిట్టల్ని తేనన్నాడు. తర్వాత తెచ్చాడనుకోండి. కాని అలాంటిది మళ్ళీ రాలేదు.

తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. కాగితానికి కరువొచ్చి పెట్టెల్లో బొమ్మలు పెట్టడం మానేశారు. నా దగ్గరున్నవి ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టి ఊరుకున్నాను. అందులో వేపాకు వేసేదాన్ని, ఏడాదికోసారి నీడపట్టున ఆరబెట్టేదాన్ని. పిల్లలు పుట్టారు, పెరిగారు. ఆ డబ్బా మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆయన పోయాక ఆ డబ్బా తియ్యడమే మానేశాను.

మళ్ళీ తీసింది మా మనవరాలి కోసం. ఎనభైల మొదట్లో దానికి తొమ్మిదేళ్ళు ఉంటాయి. అప్పుడు పిల్లలందరికీ చింగమ్ పిచ్చి. ఒక్కో చింగమ్ పొట్లంలో ఒక్కో బొమ్మ. నమిలి ఉమ్మేసేదానికి డబ్బు తగలెయ్యడం నా ఇంట్లో కుదరదని చెప్పేశాను. అయినా బొమ్మలు ఇంట్లోకి వస్తూనే ఉన్నాయి. ఎలాగని చూస్తే, గోడ అవతల గార్డుగారి పిల్ల తెచ్చిస్తోంది. వాళ్ళు ఒరియావాళ్ళు. మంచి మనుషులు. ఆ పిల్ల నన్ను వాళ్ళ భాషలో 'ఆయి' అనేది, అంటే అమ్మమ్మ. వాళ్ళ నాన్న బండి వెంట ఏ స్టేషన్‌కి వెళితే ఆ స్టేషన్‌లో చింగమ్ కొని తెచ్చేవాడు. చింగమ్ ఆ పిల్ల నమిలేది, బొమ్మ ఇద్దరూ చూసుకునేవారు.

ఒకరోజు మా మనవరాలు బిక్కమొహం వేసుకుని వచ్చింది. "మామ్మా, అన్నీ ఆ పిల్లవే. నాది ఒక్కటీ నేదు."

నాకు మనసు పీకింది. అటకమీద డబ్బా దింపించి, ఆయన తెచ్చిన బొమ్మలు దాని ఒళ్ళో పెట్టాను. అంతే, ఆ రోజునుంచి అవీ ఇవీ ఒకే డబ్బాలోకి చేరిపోయాయి. ఓడల పక్కన పులులు, కోటల పక్కన సినిమా తారలు. ఇద్దరూ వరండాలో బోర్లా పడుకుని గంటలకొద్దీ సర్దుకునేవారు. గార్డుగారి పిల్లకి మా లకుముకిపిట్ట అంటే ప్రాణం. అరచేతిలో పెట్టుకుని, ఎగిరిపోతుందేమో అన్నట్టు రెండో చెయ్యి మీద కప్పేది. ఆ పిల్ల తెచ్చినవాటిలో అందరికీ ఇష్టమైంది మంచుమీద తెల్ల ఎలుగుబంటి. దాని వెనకాల చిన్న కూన. ఆ పొట్లం విప్పింది మా వరండాలోనే, ఇద్దరూ కలిసి. మే నెల ఎండలో ఆ మంచుని చూసి, "ఠండా లగ్ రహా హై" అని ఇద్దరూ వణుకు నటించేవారు.

రెండేళ్ళు అలా గడిచాక గార్డుగారికి నాగపూర్ బదిలీ అయింది.

రైల్వేవాళ్ళకి బదిలీ కొత్తకాదు. పెద్దవాళ్ళం ఒక నిట్టూర్పు విడిచి పెట్టెలు సర్దుకుంటాం. ఈ పిల్లలకి మాత్రం అదే మొదలు. డబ్బా మధ్యలో పెట్టుకుని చెరోపక్క కూర్చున్నారు.

"పంచుకోండి," అన్నాను.

"కైసే?" అంది మా మనవరాలు. దానికి నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం అలవాటు.

"ఎలాగేటి? పాతవి ఈ ఇంటివి, కొత్తవి ఆ ఇంటివి. ఇచ్చుకోడాల్నేవు, పుచ్చుకోడాల్నేవు. రేపు ఒకరి బొమ్మ ఒకరి దగ్గరుంటే పెద్దోల్ల దాకా వత్తాది."

ఊరికే అనలేదు. మా వెనక లైనులో రెండిళ్ళవాళ్ళు ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడం మీదే మాటలు మానుకున్నారు. పైగా మా ఆయన బొమ్మలు నాగపూర్ దాకా పోవడం నాకు ఇష్టంలేదు. ఆ మాట పైకి అనలేదుగాని, ఉన్నమాట అదే.

మా మనవరాలు వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకుంది. ఈసారి తెలుగులోనే అడిగింది. "దాని బొమ్మలన్నీ అదే అట్టుకుపోతే, నాకు దానిదేటి మిగుల్తాది మామ్మా?"

"నాయం అంటే నాయమే," అన్నాను. కూర కలుపుతూనే ఉన్నానుగాని ఉప్పు వేశానో లేదో గుర్తు రాలేదు. గుమ్మం దగ్గర గార్డుగారి పిల్ల నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

సరే, పంపకం అనుకున్నాక అసలు తగువు మొదలైంది. పాతవంటే ఏవి?

"నేను పుట్టకముందువన్నీ పాతవి," అంది మా మనవరాలు.

"నువ్వు పుట్టడం దేశానికి పండగేటే?" అన్నాను.

"ఆయి, దుకాన్ మే జో నహీ మిల్తా, వో పురానా," అంది గార్డుగారి పిల్ల. దుకాణంలో దొరకనిది పాతదని దాని లెక్క. బాగానే ఉందనిపించింది. కాని మొన్న దసరాకి వచ్చిన పులిబొమ్మలు ఇప్పుడు దొరకడం లేదు. ఆరునెలల్లో అవి ముసలివైపోయాయా అంటే ఇద్దరూ ఆలోచనలో పడ్డారు.

రంగుని బట్టి చూద్దామనుకున్నారు. వెలిసినవి పాతవి, మెరిసేవి కొత్తవి. అక్కడ మరీ తలకిందులైంది. చింగమ్ తారల మొహాలు అప్పుడే పాలిపోయాయి. సిగరెట్టు బొమ్మలు నిన్న అచ్చువేసినట్టున్నాయి.

"యుద్ధం ముందువి పాతవి. అక్కడ బొమ్మలు ఆగిపోనాయి. అదే గీత," అన్నాను.

"ఏ యుద్ధం మామ్మా? పాకిస్తాన్ వాలా?"

"దానికి ముందుదే."

"చీన్ వాలా?"

"దానికీ ముందుది!"

దానికీ ముందు ఒక యుద్ధం ఉందంటే వాళ్ళు నమ్మలేదు. పోనీ నా మాట నమ్మారే అనుకోండి, మధ్యలో టీ పొట్లాల బొమ్మలున్నాయి. యుద్ధం అయ్యాక, ఈ చింగమ్‌లు రాకముందు, టీ పొట్లాల్లో వచ్చాయి కొన్నాళ్ళు. నేను విడి టీపొడి కొనేదాన్ని, కాబట్టి మా ఇంటికి రాలేదు. మా కోడలు పుట్టింటినుంచి నాలుగైదు తెచ్చింది. అవి పాతవా కొత్తవా? మా కోడలు నవ్వింది. "అత్తా, పిల్లలాటకి ఇంత పంచాయితీ ఏటి? సగం సగం ఇచ్చెయ్యి."

సగం సగం ఎలా ఇస్తాను? ఓడని కోసి సగమిస్తానా?

అప్పుడు నేను వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. చేతులు పనిలో ఉంటేనే నాకు బుర్ర నడుస్తుంది. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. మా ఆయన తెచ్చిన బొమ్మకి ఒక పని ఉండేది. సిగరెట్టు ఒంగకుండా కాయడం దాని పని. బొమ్మ ఉన్నా లేకపోయినా ఆ అట్ట ఉండాల్సిందే. ఈ చింగమ్ బొమ్మకి ఏ పనీ లేదు. పిల్లలచేత కొనిపించడానికి పెట్టారంతే, గాలి వీస్తే పోతుంది. పాతదానికీ కొత్తదానికీ నాకు కనబడ్డ తేడా అదొక్కటే.

ఒక ఓడబొమ్మని ఒక కొసన రెండువేళ్ళతో పట్టుకుని, రెండో కొసమీద చింతగింజ పెట్టాను. బొమ్మ కదలలేదు. గింజ నిలిచింది. చింగమ్ తారని అలాగే పట్టుకుని పెట్టాను. తార తల వాల్చేసింది. గింజ జారి గచ్చుమీద దొర్లిపోయింది.

"సూసినారా? గింజ నిలితే పాతది, జారితే కొత్తది. ఆదివారం అందరి ముందూ పంచుతాను."

"టీవాలా?" అంది మా మనవరాలు.

టీబొమ్మ మీద పెట్టాను. గింజ క్షణం ఆగింది, మెల్లగా కొసకి పాకింది, పడింది.

"పడింది కాబట్టి కొత్తదే. ఆలోచించుకుని పడినా పడినట్టే."

మా కోడలు మొహం చిన్నబుచ్చుకుంది.

మర్నాడు పెరట్లో చీరలకి గంజి పెడుతున్నాను. గార్డుగారి పిల్ల గోడమీంచి తల పెట్టింది.

"ఆయి, సాడీ ఇత్నీ కడక్ కైసే హోతీ హై?" చీర ఇంత బిరుసుగా ఎలా అవుతుందని.

"గంజే. అన్నం వారిత్తే వత్తాది కదేటి, అదే."

"కాగజ్ భీ కడక్ హోగా?" కాగితం కూడా బిరుసెక్కుతుందా అని.

చీర తడిబరువుతో చెయ్యి లాగేస్తోంది. "ఏదైనా అవుద్ది, పో," అన్నాను. పిల్ల పోయింది. ఆ మధ్యాహ్నం వాళ్ళ దండెం మీద లంగాల మధ్య చీటీముక్కలాంటిది ఏదో క్లిప్పుకి వేలాడుతూ కనబడింది. రేషను చీటీ తడిసిందేమో, ఆరేసుకున్నారనుకున్నాను.

ఆదివారం పొద్దున్న వంటలయ్యాక వరండా తుడిపించి చాప వేశాను. పిల్లలిద్దరూ స్నానాలు చేసి, నూనె రాసుకున్న జడలతో వచ్చి కూర్చున్నారు. గోడ అవతల పెట్టెలకి మేకులు కొడుతున్న చప్పుడు. నేను బొమ్మ పట్టుకోవడం, మా మనవరాలు గింజ పెట్టడం, గార్డుగారి పిల్ల ఎటువైపు పడితే అటువైపు సర్దడం. ఓడలు మావైపు వచ్చాయి. పులులు అటు వెళ్ళాయి. ఎక్కడా పేచీ లేదు.

తెల్ల ఎలుగుబంటి వంతు వచ్చింది. మా మనవరాలు దానికేసి చూడకుండానే గింజ పెట్టింది.

గింజ నిలిచింది.

"అరే!" మా మనవరాలు లేచి మోకాళ్ళమీద నిలబడింది. "యే కైసే? యే తో చింగమ్ సే నిక్లా థా! మేరే సామ్నే! మామ్మా, మళ్ళీ పెట్టు!" తన కళ్ళముందే చింగమ్‌లోంచి వచ్చిందని దాని గోల.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ నిలిచింది. బొమ్మ దగ్గరగా తెచ్చుకుని చూశాను. ఎండకి కొద్దిగా వంకర తిరిగింది. వేలితో తడిమితే గరగర. మంచు ఎలాగూ తెలుపే కాబట్టి మరక కంటికి ఆనలేదుగాని, ఎలుగుబంటి వీపుమీద ఎండిన మెతుకు ఒకటి అంటుకుని ఉంది. వాసన చూశాను. పులిసిన గంజి.

గార్డుగారి పిల్ల తల దించుకుని చాప పుల్ల పీకుతోంది. చెవులు ఎర్రబడ్డాయి.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నేను తొండిచేసే పిల్లల్ని చాలామందిని చూశాను. తొండి చేసేవాళ్ళు ఎవరైనా తమవైపుకి లాక్కుంటారు. ఈ పిల్ల తొండిచేసి తన బొమ్మని మా ఇంటివైపుకి తోస్తోంది. ఇచ్చుకోడాల్నేవు అని నేను కొట్టేసినట్టు చెప్పాను కదా. ఇవ్వడానికి వీల్లేకుండా చేశాను గనక, దాన్ని పాతదాన్ని చేసేసింది. తల్లి చూడకుండా అన్నం వార్చిన గంజి తీసి, రెండుపక్కలా రాసి, ఎండలో ఆరబెట్టి, నా చీరలకి నేను చేసినట్టే చేసింది.

మా మనవరాలు నా మొహంలోకి చూస్తోంది. నేనేం చెబితే అది.

"గింజ నిలిసిందా?"

"నిలిసింది. లేకిన్..."

"నిలితే పాతదే. ఇటు పెట్టు."

గార్డుగారి పిల్ల తల ఎత్తలేదు. తనే ఎలుగుబంటిని అందుకుని, మా ఓడలమీద పెట్టి, చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది. అప్పుడు మా మనవరాలికి తెలిసింది. ఆ పిల్లకేసి చూసింది, బొమ్మకేసి చూసింది.

తర్వాత బొమ్మ తీశాను. లకుముకిపిట్ట.

దాన్ని పట్టుకోగానే, తలుపు గడియ పెట్టుకుని కూర్చున్న ఆ గది, ఆయన చొక్కా బొగ్గువాసన, అన్నీ వచ్చి ముందు నిలబడ్డాయి. ఆ నీలం ఇసుమంత తగ్గలేదు. గార్డుగారి పిల్ల ఇప్పుడు తల ఎత్తింది. చివరిసారి చూసుకుంటున్నట్టు చూస్తోంది. అడగదు. అడిగే పిల్ల కాదు.

మా మనవరాలు గింజ పెట్టింది. బొమ్మ రాయిలా నిలబడింది. నిలబడదా మరి, ఎన్ని సిగరెట్లని కాసిందో.

నేను మణికట్టు కాస్త కిందికి దించాను.

గింజ జారి గచ్చుమీద పడి, గుమ్మం దాకా దొర్లింది.

"మామ్మా! నువ్వే వంచేసినావు!" అని అరిచింది మా మనవరాలు.

"నా సెయ్యి ముసిల్దే. ఎంతసేపని నిలుత్తాది? గింజ పడిందా నేదా?"

"పడింది, లేకిన్ నువ్వు..."

"పడితే కొత్తది. తీర్పు సెప్పేది నేనా నువ్వా? అటియ్యి."

మా మనవరాలి మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. రెండుచేతులతో పట్టుకెళ్ళి గార్డుగారి పిల్ల ముందు పెట్టింది. ఆ పిల్ల ముట్టుకోలేదు. నాకేసి తిరిగి, "ఆయి, యే తో దాదాజీ కా హై," అంది. తాతగారిది కదా అని.

"ఆ తాతకీ ఒకలు పారేత్తే దొరికిందేనే పిల్లా. ఆయనేటి కొన్నాడా? అట్టుకెల్లు. ఎండలో పెట్టకు. గంజి మాత్రం రాయకు!"

మేకులు కొట్టే చప్పుడు ఆగి, వాళ్ళమ్మ కేక వేసింది. ఆ పిల్ల బొమ్మని అరచేతుల మధ్య మూసుకుని, మెట్లు దిగి, గోడ తలుపు దగ్గర ఆగింది. తిరిగి వచ్చి నా కాళ్ళకి దండం పెట్టింది. చేతులు ఖాళీ లేవు గనక నుదురు ఆనించింది. నేను "సరే సరే, మీ అమ్మ పిలుత్తంది," అన్నాను.

మా మనవరాలు ఆ సాయంత్రం డబ్బా అంతా కిందపోసి మళ్ళీ సర్దింది. ఎలుగుబంటిని వేరే పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. ఓడల వరసలో, మా ఆయన తెచ్చిన రెండు పడవల మధ్య ఇరికించింది.

"అది పాతదా?" అన్నాను.

"నువ్వే కదా సెప్పినావు," అంది.

దాని పెళ్ళై ఈ ఊళ్ళోనే టెల్కో కాలనీకి కాపరానికి వెళ్ళినా డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. మిగతా బొమ్మలతో నాకే ఇబ్బందీ లేదు. ఆ ఎలుగుబంటితోనే చాకిరీ. గంజి రుచి మరిగి చీమలు దాన్నే వెతుక్కుంటూ వస్తాయి, వానాకాలం వస్తే బూజు దానికే పడుతుంది. కాబట్టి దాన్నొక్కదాన్ని నెలనెలా తీసి, పొడిగుడ్డతో తుడిచి, కొత్త వేపాకు వేసి, మళ్ళీ ఆ పడవల మధ్యనే పెడుతున్నాను. వీపుమీది మెతుకు గీకేద్దామని రెండుమూడుసార్లు గోరు పెట్టాను. మానేశాను.